కొండెక్కే జీపుకి ఇంటి వైద్యం!

పాత జీపుని అమ్మేద్దామంటే మనసొప్పదు. ఉంచుకుందామంటే నెలకో మరమ్మతు. పోనీ రూపం మార్చి కొత్తగా చేద్దామా అంటే చట్టం ఊరుకోదు. మరి దారేదీ? ఆదివారం పూట ఓ రెండు గంటలు, చేతికి కాస్త గ్రీజు, బుర్రలో కాస్త జాగ్రత్త... అంతే!

అన్నవరం. ఆదివారం పొద్దున్న ఏడయింది. కొండ మీంచి మైకు వినబడుతోంది. వాకిట్లో వేపచెట్టు కింద ఓ పాత జీపు. దాని కింద కొడుకు. పాదాలు తప్ప ఇంకేమీ కనబడటం లేదు.

'నాన్నగారూ, ఆ పదమూడు పానా ఓసారి ఇలా అందించండి.'

'పానా సంగతి తర్వాత. చక్రాలకి రాళ్లెట్టేవా లేదా?'

'ఆయ్... హ్యాండ్ బ్రేకేసేనండి.'

'దాన్ని నమ్ముకుని కిందకి దూరేవా? ముందు బయటికి రా!'

వంటింట్లోంచి అమ్మ గొంతు: 'ఇడ్లీలు చల్లారిపోతున్నాయి. ఈ ఇంట్లో ఆ బండికున్న యోగం మనుషులకి లేదు!'

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. వాకిట్లో పాత జీపున్న ప్రతి ఇంట్లోనూ ఆదివారాలు ఇంచుమించు ఇలాగే గడుస్తాయి. అందులోనూ అన్నవరం చుట్టుపక్కల జీపుకున్న విలువే వేరు. ఇటు చూస్తే కోల్‌కతా-చెన్నై హైవే. అటు శంఖవరం, ఏలేశ్వరం దాటి అడ్డతీగల వైపు తిరిగితే మన్యం. రంపచోడవరం, మారేడుమిల్లి ఘాట్లు, వాగులు, ఎర్రమట్టి బాటలు. బస్సు వెళ్లని ఊళ్లకి జనాన్నీ సంతసరుకునీ చేరవేసింది కమాండరు జీపులే. మారేడుమిల్లి దగ్గరి గుడిస కొండ మీదికి పర్యటకుల్ని ఎక్కించేదీ జీపులూ బొలెరోలే.

బండి కొంటే పూజ చేయించడం ఇక్కడి ఆనవాయితీ. అయితే రత్నగిరి కింద తొలి పావంచా దగ్గర, లేదంటే తుని పక్కన తలుపులమ్మ లోవలో. నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి తాళం చేతికి తీసుకుంటారు. అలా పూజ చేయించుకున్న జీపు ముప్ఫై, నలభై ఏళ్లయినా ఇంటి మనిషిలా మిగిలిపోతుంది. ఏపీ 05 అన్న పాత తూర్పు గోదావరి నంబరు దాని నుదుటి బొట్టు!

యుద్ధం నుంచి వాకిట్లోకి...

అసలు జీపు పుట్టింది యుద్ధం కోసం. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 నుంచి అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి. మన దేశంలో మహీంద్రా అండ్ మొహమ్మద్ అన్న పేరుతో 1945లో మొదలైన సంస్థ 1947లో విల్లీస్ జీపుల్ని ఇక్కడ బిగించడం ప్రారంభించింది. భాగస్వామి గులాం మొహమ్మద్ పాకిస్థాన్ తొలి ఆర్థికమంత్రిగా వెళ్లిపోయాక, 1948లో సంస్థ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. మొదట్లో పెట్రోలు ఇంజిన్లు. తర్వాత ట్రాక్టరు ఇంజిన్ నుంచి పుట్టిన డీజిల్, 1980ల్లో ఎంఎం 540లో ప్యూజో డీజిల్ వచ్చాయి. 1985 డిసెంబరులో మారుతి జిప్సీ రంగంలోకి దిగింది. జబల్‌పూర్ ఫ్యాక్టరీ సైన్యం కోసం చేసిన జోంగాలు వేలంలో కొందరి ఇళ్లకు చేరాయి.

వీటన్నిటిలోనూ ఉన్న సుగుణం ఒక్కటే. ఇంజిన్ మూత ఎత్తితే లోపల ఉన్నదంతా కంటికి కనిపిస్తుంది. కంప్యూటరు లేదు, సెన్సర్లు లేవు. నాలుగు పానాలు, ఓ గ్రీజు గన్ను, కాస్త ఓపిక ఉంటే ఇంట్లోనే సగం పని అయిపోతుంది. (ఇంధనం ఇంజెక్షన్ పద్ధతిలో వచ్చిన కొత్త జిప్సీలకి మాత్రం ఈ మాట వర్తించదు.)

ముందు రాయి... తర్వాతే జాకీ!

ఇందాకటి నాన్నగారి కోపంలో అర్థముంది. మామూలు కార్లలో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాల్ని నేరుగా పట్టుకుంటుంది. పాత విల్లీస్ తరహా జీపుల్లో అలా కాదు. అది గేరుబాక్సు వెనకున్న ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గర, వెనక్కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టుని పట్టుకుంటుంది. రెండు వెనక చక్రాలూ నేలమీద ఉన్నంతవరకూ ఫర్వాలేదు. ఒక చక్రాన్ని జాకీతో లేపారా... షాఫ్టు ఆగే ఉంటుంది గానీ, డిఫరెన్షియల్ పుణ్యమా అని గాల్లో ఉన్న చక్రం ఒకవైపు తిరుగుతుంటే, నేలమీదున్నది రెండోవైపు దొర్లిపోతుంది. అంటే హ్యాండ్ బ్రేకు వేసి ఉన్నా బండి కదులుతుంది! కింద మనిషి ఉంటే..?

అందుకే మూడు నియమాలు. నేల చదునుగా ఉండాలి. నేలమీదున్న చక్రాలకి ముందూ వెనకా రాళ్లో, చెక్క దిమ్మలో పెట్టాలి. జాకీ బండిని లేపడానికే తప్ప మోయడానికి కాదు కాబట్టి, లేపిన వెంటనే ఇరుసు కింద స్టాండు పెట్టాలి. ఇటుకలు పనికిరావు, బరువుకి ఒక్కసారిగా పగిలిపోతాయి.

అయిదు చోట్ల నూనె

మామూలు కారుకి ఇంజినాయిలూ గేరాయిలూ చూసుకుంటే సరిపోతుంది. ఫోర్ వీల్ జీపుకి అయిదు చోట్ల చూడాలి. ఇంజిన్, గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు ఇరుసు, వెనక ఇరుసు. పాత జీపుల్లో గేరుబాక్సుకీ ట్రాన్స్‌ఫర్ కేసుకీ మధ్య నూనె ఒకదాన్నుంచి ఇంకోదాన్లోకి జారడం మామూలే. కాబట్టి ఒకటి చూసి రెండోది వదిలేయకూడదు.

నూనె మార్చేటప్పుడు చాలామంది చేసే పొరపాటొకటుంది. కింది బోల్టు విప్పి పాత నూనె మొత్తం వదిలేస్తారు. తీరా పోద్దామంటే పైబోల్టు తుప్పుపట్టి ఊడిరాదు. ఇక బండి వాకిట్లోంచి కదలదు! అందుకే ముందు పోసే బోల్టు ఊడుతోందో లేదో చూసుకోవాలి. ఆ తర్వాతే కిందిది విప్పాలి. వదిలిన నూనెని వేళ్ల మధ్య రుద్దిచూస్తే బండి ఆరోగ్యం తెలుస్తుంది. గరుగ్గా ఇనుపరజను తగిలితే లోపల పళ్లు అరుగుతున్నట్టు. పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరినట్టు.

తర్వాత గ్రీజు. ప్రొపెల్లర్ షాఫ్టుల క్రాసులు, జారే జాయింట్లు, స్టీరింగు రాడ్ల చివళ్లు, కమాన్ కట్టల సంకెళ్లు... నిపుల్ ఉన్న ప్రతిచోటా వెయ్యి, పదిహేను వందల కిలోమీటర్లకోసారి గ్రీజు కొట్టాలి. నిపుల్‌ని గుడ్డతో తుడవకుండా గన్ను పెడితే, దానిమీది మట్టిని మనమే లోపలికి పంపినట్టు. పాత నల్లగ్రీజు బయటికొచ్చి, కొత్తది కనబడేదాకా కొట్టాలి.

యాభై దాటగానే స్టీరింగు గడగడలాడుతోందా? ఇంట్లోనే ఓ పరీక్ష ఉంది. ముందు చక్రాన్ని లేపి, గడియారంలో 12, 6 ఉండే చోట రెండు చేతులతో పట్టుకుని ఊపాలి. ఆడితే వీల్ బేరింగో, కింగ్‌పిన్నో వదులైనట్టు. 9, 3 ఉండే చోట పట్టుకుని ఊపితే ఆడిందా... స్టీరింగు రాడ్ల జాయింట్లు అరిగినట్టు. రోగం తెలిస్తే మెకానిక్కు దగ్గర సగం ఖర్చు తగ్గుతుంది.

డీజిల్ జీపు ఫిల్టరు మార్చాక స్టార్టవకపోతే కంగారుపడి సెల్ఫు అదేపనిగా కొట్టకూడదు. పైపులో గాలి చేరి ఉంటుంది. ఫిల్టరు మీది చిన్న స్క్రూ వదులుచేసి, చేతిపంపు కొడుతూ ఉంటే బుడగలు పోయి డీజిల్ ధారగా వస్తుంది. అప్పుడు స్క్రూ బిగించేస్తే సరి.

నాలుగు చక్రాల కిటుకు

ఫోర్ వీల్ లివరు ఉందిగదా అని హైవే మీద వేసుకుని వెళ్లేవాళ్లున్నారు. జీపుకి అంతకంటే చెరుపు లేదు. మలుపులో ముందు చక్రాలు తిరిగే దూరం వేరు, వెనక చక్రాలు తిరిగే దూరం వేరు. మట్టిలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడాని సర్దుకుంటుంది. ఎండిన తారురోడ్డు మీద జారదు. ఆ బిగువంతా షాఫ్టుల మీదా, క్రాసుల మీదా, గేరు పళ్ల మీదా పడుతుంది. లివరు తిరిగి రాకుండా బిగుసుకుపోయేది కూడా అందుకే. అలాంటప్పుడు సుత్తితో కొట్టకుండా, బండిని నెమ్మదిగా నాలుగడుగులు రివర్సు చేస్తే బిగువు వదులుతుంది.

అలాగని ఏడాది పొడుగునా ముట్టుకోకపోయినా తప్పే. నూనె అందక లోపలి పళ్లూ బేరింగులూ తుప్పుపడతాయి. నెలకోసారి చెరువుగట్టు మీదో, మట్టిబాటలోనో ఓ కిలోమీటరు ఫోర్ వీల్ వేసి నడపాలి. ఇక లో గేరంటారా... అది చక్రాల బలాన్ని రెండు నుంచి రెండున్నర రెట్లు పెంచుతుంది, వేగాన్ని అంతకంత తగ్గిస్తుంది. నిటారు మెరకలకీ, బురదలో దిగబడ్డప్పటికీ అది దాచుకోవాలి. బండి పూర్తిగా ఆపాకే వేయాలి.

వాగు దాటొచ్చారా?

వానాకాలం మన్యంలో వాగు దాటాల్సి వస్తే మొదటి సూత్రం... నీరు పరుగెడుతోంటే దిగకపోవడం. జీపు ఎంత బలమైనదైనా ప్రవాహం అంతకంటే బలమైనది. నిలకడ నీరైనా కర్రతో లోతు చూడాలి. చక్రం మధ్య భాగం మునగనంతవరకూ మేలు. డీజిల్ ఇంజిన్‌కి స్పార్కు గొడవ లేదు కాబట్టి నీళ్లలో ఆగదని కొందరి ధీమా. గాలి పీల్చే గొట్టంలోకి నీరు వెళ్లిందంటే మాత్రం పిస్టన్ ఆ నీటిని నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే. నీళ్లలో ఆగిపోతే మళ్లీ సెల్ఫు కొట్టకుండా బయటికి లాగించడమే మంచిది.

ఒడ్డెక్కగానే బ్రేకు మీద సన్నగా కాలు పెట్టి కాస్తదూరం నడపాలి. డ్రమ్ముల్లో చేరిన నీరు ఆ వేడికి ఆరిపోతుంది. ఇంటికొచ్చాక ఇరుసుల నూనె రంగు చూడటం మరవద్దు.

దిగేటప్పుడే అసలు పరీక్ష

ఎక్కడానికి ఇంజిన్ బాగుండాలి. దిగడానికి బ్రేకులు బాగుండాలి. పాత జీపుల్లో నాలుగూ డ్రమ్ము బ్రేకులే. పైగా తొలినాటి వాటిలో మాస్టర్ సిలిండరుకి ఒకటే దారి. నాలుగింటిలో ఏ చక్రం దగ్గర పైపు కారినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. కాబట్టి నెలకోసారి నాలుగు చక్రాల లోపలివైపూ చూడాలి. తడి మరక కనబడితే ఆ బండి ఇక ఘాటు ఎక్కకూడదు.

బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే ఘాటు దిగేటప్పుడు వేడికి అందులోని నీరు ఆవిరై, కాలు నేలకి తగిలినా బండి ఆగదు. రెండేళ్లకోసారి మొత్తం మార్చడం తప్పనిసరి. దిగేటప్పుడు న్యూట్రల్ చేసి డీజిల్ మిగిల్చేవాళ్లు బ్రేకులకీ, తమ ప్రాణాలకీ లెక్కకట్టడం లేదన్నమాటే. ఎక్కిన గేరులోనే దిగాలన్న పెద్దల మాటకు తిరుగులేదు.

ఇక తుప్పు. సముద్రం మరీ దూరం కాని ఊళ్లివి. ఉప్పుగాలి, వానాకాలపు బురద... రెండూ ఇనుముకి చెదపురుగులే. చాసిస్ మడతల్లో, నేలరేకు మూలల్లో బురద నిలవకుండా నీళ్లతో గట్టిగా కొట్టాలి. తుప్పు కనబడితే దానిమీదే రంగు వేస్తే లోపల తినేస్తూనే ఉంటుంది. తీగ బ్రష్షుతో మెరిసేదాకా గీకి, రెడాక్సైడు పూసి, ఆరాక రంగు వేయాలి. వెల్డింగు అవసరమైతే మాత్రం ఇంట్లో ప్రయోగాలొద్దు. పాత విల్లీస్ తరహా జీపుల్లో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది!

అబ్బాయి ముచ్చట... చట్టం మాట

నాన్నగారికి జీపు ఉన్నదున్నట్టు ఉండాలి. అబ్బాయికేమో పెద్దపెద్ద టైర్లు, ముందు దిట్టమైన ఇనుప బంపరు, రెండడుగులు ఎత్తు లేచిన బాడీ కావాలి. పంజాబు, హర్యానా సరిహద్దులోని మండీ డబ్వాలీలో అలా మార్చిన జీపులకి పెద్ద పేరుంది. మన రాష్ట్రంలో మార్చిన బండి అనగానే అందరికీ గుర్తొచ్చేది ఎన్టీ రామారావు చైతన్యరథం. 1982లో ఓ పాత షెవర్లే వ్యానునే అలా తీర్చిదిద్దారు. అయితే అప్పటికి ఇప్పుడున్న మోటారు వాహనాల చట్టం ఇంకా రాలేదు.

1988 నాటి ఈ చట్టంలో 52వ సెక్షన్ ఏమంటోందంటే... ఆర్సీలో ఉన్న వివరాలు, తయారీదారు చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది జరిగిన సవరణ ప్రకారం అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ పడొచ్చు. ముందు బిగించే బుల్ బార్లు కూడా 52వ సెక్షన్‌కి విరుద్ధమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి చెప్పింది. ఇంజిన్ మార్చాలన్నా ఆర్టీఓ అనుమతి ముందే తీసుకోవాలి. చెప్పకుండా మార్చిన బండికి ప్రమాదం జరిగితే బీమా దగ్గరా చిక్కే.

చట్టం సంగతి అలా ఉంచినా, లెక్క కూడా ఒప్పుకోదు. టైరు పదోవంతు పెద్దదైతే మీటరు 50 చూపిస్తున్నప్పుడు బండి 55లో వెళ్తుంటుంది. పాత బ్రేకులు అంత చక్రాన్ని ఆపడానికి కష్టపడతాయి. కింగ్‌పిన్లు త్వరగా అరుగుతాయి. బాడీ లేపితే బరువు పైకి చేరి, మలుపులో బోల్తాపడే ప్రమాదం పెరుగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు వంపు పెరిగి క్రాసులు విరుగుతాయి.

మరి ముచ్చట తీరేదెలా? అదే కొలతలో మట్టిలో పట్టుండే టైర్లు వేయొచ్చు. కొత్త టాపు గుడ్డ కుట్టించొచ్చు. సీట్ల దూది మార్పించొచ్చు. వైరింగంతా కొత్తగా లాగి, ప్రతి లైనుకీ ఫ్యూజు పెట్టొచ్చు. సీటుబెల్టులు పెట్టిస్తే ఇంకా మంచిది. వాటిని పల్చటి రేకుకి కాకుండా గట్టి ఇనుముకి బిగించాలి. ఇంతకు మించి ఏది చేయాలన్నా ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగడం మేలు.

యాభై ఏళ్లు నిండితే...

సొంత బండి రిజిస్ట్రేషను పదిహేనేళ్లు. ఆ తర్వాత అయిదేళ్లకోసారి బండి చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కార్లు, జీపులకి ఈ ఫీజు 5,000 రూపాయలైంది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో దాన్ని 10,000కి పెంచారు. బ్రేకులు, లైట్లు, హారను, పొగ... అన్నీ సరిగ్గా ఉంటేనే ఆమోదముద్ర. అంటే ఆదివారాల్లో పడే ఈ శ్రమంతా అయిదేళ్లకోసారి రాసే పరీక్షకి చదువన్నమాట!

తొందరపడి బండిని కోసేముందు తెలుసుకోవాల్సిన విషయం ఇంకొకటుంది. మొదటి రిజిస్ట్రేషను నుంచి యాభై ఏళ్లు దాటిన బండ్లని 'వింటేజ్' వాహనాలుగా గుర్తిస్తూ కేంద్రం 2021 జులైలో నియమాలు తెచ్చింది. ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. నంబరులో 'వీఏ' అన్న ప్రత్యేక అక్షరాలుంటాయి. రోజువారీ పనులకి వాడకూడదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ తీసుకెళ్లొచ్చు. షరతల్లా ఒక్కటే... చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మారి ఉండకూడదు.

1970ల నాటి జీపులకి ఇప్పుడిప్పుడే ఆ వయసొస్తోంది. తాతగారు కొన్న బండిని ముచ్చటపడి ఈరోజు కోసేస్తే, మనవడికి దక్కాల్సిన ఆ గౌరవం దక్కకుండా పోతుంది. విప్పిన బోల్టుని మళ్లీ బిగించొచ్చు. కోసిన రేకుని మాత్రం పాతరేకుగా చేయలేం. అందుకే ఏది మార్చినా, తీసిన భాగాన్ని తుక్కువాడికి వేయకుండా గుడ్డచుట్టి అటక మీద పెట్టమంటారు అనుభవజ్ఞులు. ఓ నోటుపుస్తకంలో ఏ తేదీన ఏం మార్చారో, ఎన్ని కిలోమీటర్లకి నూనె పోశారో రాసుకుంటే... బండితోపాటు దాని చరిత్ర కూడా తర్వాతి తరానికి చేరుతుంది.

ఇంతకీ వేపచెట్టు కింద పని పూర్తయింది. చక్రాలకి రాళ్లు తీశారు. కొడుకు చేతులు కిరోసిన్‌తో కడుక్కుంటున్నాడు. నాన్నగారు ఒక్క సెల్ఫుతో స్టార్టు చేసి, కాసేపు చెవొగ్గి విన్నారు.

'పెద్ద టైర్లు వద్దులే నాన్నగారూ. టాపు గుడ్డ మార్పిద్దాం' అన్నాడు కొడుకు.

'రంగు నువ్వే ఎంచుకో' అన్నారాయన.

'ముందు ఇడ్లీలు తినండి. తర్వాత నన్ను స్వామి దర్శనానికి తీసుకెళ్లండి' అంది అమ్మ. తొలి పావంచా దగ్గర ఆగి, చిల్లర వేసి, దణ్ణం పెట్టుకుని, సెకండ్ గేరులో నెమ్మదిగా ఘాటు ఎక్కితే చాలు. ప్రసాదం పొట్లంతో అదే గేరులో దిగితే ఇంకా చాలు.

జీపన్నాక కొండెక్కాలి. దీపంలా మాత్రం కొండెక్కకూడదు!